నేలపట్టులో ఒక పూట

సంక్రాంతి వెళ్లిన వారం రాత్రి రైలెక్కి, పొద్దున్నే గూడూరులో దిగాం. మేం నలుగురం, మాతో ఆరేళ్ల పాప. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసేటప్పుడు ఎవరు దేని మీద పనిచేస్తే అదే వాళ్ల పేరు: చేప, ఎలుక, ఈగ, నేను ఈస్ట్. ఆ పేర్లు ఇప్పటికీ పోలేదు. చేప వాళ్ల పాప నన్ను ‘ఈస్ట్ పిన్నీ’ అనే పిలుస్తుంది.

కారు మాట్లాడుకుని దొరవారిసత్రం దగ్గర హైవే దిగి నేలపట్టు చేరాం. 1976లో దీన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద కొమ్మకో గూడు, గూటికో గూడబాతు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు మంచి ఎరువని ఊరివాళ్లు వీటి జోలికి ఎవరినీ రానివ్వరట. అక్కడి వాచర్ ఆ మాట చెబుతుంటే సొంత పంట గురించి చెప్పినట్టే ఉంది.

వాచ్ టవర్ ఎక్కాక పాప ఒక గూడు ఎంచుకుంది. పిల్ల తల మొత్తం పెద్ద పక్షి నోటి సంచిలోకి దూర్చి తింటోంది. గంటన్నర తర్వాత ఇంకో పక్షి వచ్చి వాలింది, ఉన్నది ఎగిరిపోయింది.

"ఇప్పుడొచ్చింది అమ్మా, నాన్నా?" అంది పాప.

"చూసి చెప్పలేం తల్లీ. రెండూ ఒకేలా ఉంటాయి. పొదగడం, మేపడం రెండూ చేస్తాయి" అన్నాడు వాచర్.

చేప నా చెయ్యి పట్టుకుంది. పాప పుట్టినప్పటి సంగతులు మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చాయి. అప్పటి 2016 యూజీసీ నిబంధనల ప్రకారం పరిశోధక విద్యార్థినులకు 240 రోజుల దాకా ప్రసూతి సెలవు దొరికేది. కానీ సెలవు అయ్యాక అసలు కష్టం మొదలైంది. తను పనిచేసే జీబ్రాఫిష్ అనే చిన్న చేపలు పొద్దున లైటు వెయ్యగానే గుడ్లు పెడతాయి. గుడ్డు ఒక్క కణంగా ఉన్నప్పుడే, ముప్పావు గంటలోపు, ప్రయోగం కోసం దానికి సూది వెయ్యాలి. సరిగ్గా పాప పాలకు లేచే వేళ అది. పిండిన పాలు ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టకూడదు, రసాయనాలుంటాయి. క్యాంటీన్ అక్క తన ఫ్రిజ్‌లో ఒక మూల ఖాళీ చేసి ఇచ్చింది. రాజమండ్రి నుంచి చేప వాళ్లమ్మ వచ్చి ఏడాది ఉండిపోయింది. ఆ ఇద్దరి పేర్లూ చేప థీసిస్ కృతజ్ఞతల్లో మొదట ఉన్నాయి.

ఎలుక మాత్రం గూటి మీంచి చూపు తిప్పలేదు. తనూ ఈగా భార్యాభర్తలు. తనకు పుణెలో ఉద్యోగం, అతనిది హైదరాబాద్. నాలుగేళ్లుగా నెలకోసారి కలుసుకోవడమే. ఇద్దరికీ ఒకే ఊళ్లో పోస్టు దొరకడం ఎంత కష్టమో మాకు తెలుసు.

"నేను పుణె వస్తున్నా. ఒక కాలేజీలో అప్లై చేశా" అన్నాడు ఈగ ఉన్నట్టుండి.

"నీ ప్రాజెక్ట్ ఇంకో ఏడాది ఉంది కదా! నాతో ఒక్క మాటైనా చెప్పకుండానా?" ఎలుక గొంతు వణికింది. కోపం కూడా వచ్చింది. నాకైతే ఆ కోపం న్యాయమే అనిపించింది. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) కోసం నేను జర్మనీ వెళ్లినప్పుడు కుదిరిన పెళ్లి ఆగిపోయింది. అప్పుడూ మేమిద్దరం కూర్చుని మాట్లాడుకోలేదు, ఎవరికి వాళ్లం నిర్ణయించేసుకున్నాం. ఆ మాటే వాళ్లకి చెప్పాను. ఇద్దరూ టవర్ దిగి చెరువు గట్టు మీద చాలాసేపు నడిచారు.

సాయంత్రం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీద పులికాట్ చూశాం. రోడ్డుకి రెండు వైపులా పలచటి నీళ్లు, దూరంగా గులాబీ గీతలా ఫ్లెమింగోలు. అవి ఇక్కడ గూళ్లు పెట్టవు. మన దేశంలో వాటి పుట్టిల్లు ప్రధానంగా కచ్ రణ్. ఫ్లెమింగోల్లో మగదానికీ పాలు వస్తాయని, గొంతులో ఊరే ఆ పాలతోనే తల్లీ తండ్రీ పిల్లని పెంచుతాయని చేప చెప్పింది. ఈగ ఆ గులాబీ గీత వైపే చూస్తూ నిలబడ్డాడు. ఎలుక వెళ్లి అతని పక్కన నిలబడింది. ఏం తేల్చుకున్నారో మేం అడగలేదు.

కారెక్కాక పాప తన నోట్‌బుక్ తెరిచింది. పక్షి వచ్చిన టైము, వెళ్లిన టైము వంకర అక్షరాలతో రాసుకుంది.

"ఒక్క గూడే చూశాం పిన్నీ. సరిపోదు కదా?"

"సరిపోదమ్మా."

"అవి ఎప్పటిదాకా ఉంటాయి?"

ఎలుక ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, మార్చిలో ఏ శనివారం కుదురుతుందని మమ్మల్ని అడిగింది.