నాలుగో చలానా దొరికింది

నిన్న రాత్రి పదకొండింటికి ఆదాయపు పన్ను రిటర్ను వేసేశాను. నెల రోజులుగా సరిగ్గా నిద్ర లేదు.

గుంటూరులో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. జీతం మీద పన్ను కాలేజీవాళ్లే పట్టుకుంటారు. అరండల్‌పేటలో నాన్నగారిచ్చిన షాపుల అద్దెకు అడ్వాన్స్ ట్యాక్స్, అంటే ఏడాది మధ్యలోనే వాయిదాల్లో ముందుగా కట్టే పన్ను, నేనే కట్టాలి. మొత్తం 40,000. జూన్ 15కి 6,000, సెప్టెంబరు 15కి 12,000, డిసెంబరు 15కి 12,000, మార్చి 15కి 10,000. ఒక్క వాయిదా కూడా తప్పలేదు, ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

జులైలో కూర్చుంటే జీతం, అద్దె ఎక్కించడం అరగంటలో అయిపోయింది. పన్ను చెల్లింపుల పేజీలో మాత్రం చలానాలు మూడే కనిపించాయి. ఇంకా 10,500 కట్టమంటోంది: అసలు 10,000, ముందస్తు పన్ను తగ్గినందుకు 234బి సెక్షను కింద నాలుగు నెలల వడ్డీ 400, చివరి వాయిదా తగ్గినందుకు 234సి కింద వడ్డీ 100. నాలుగో చలానా నా చేతిలోనే ఉంది! బ్యాంకు శాఖను గుర్తించే బీఎస్ఆర్ కోడు ఏడంకెలు, చలానా నంబరు ఐదంకెలు, తేదీ, అన్నీ నేనే కొట్టాను. బాకీ సున్నా అయింది. కానీ ఏఐఎస్‌లో (మన పేరున కట్టిన పన్నులన్నీ చూపే పన్ను శాఖ పట్టిక) లేని డబ్బు చూపిస్తే రేపు నోటీసు వస్తుందని భయమేసి తీసేశాను.

బ్రాడీపేటలో ఒక కన్సల్టెంటు దగ్గరికి వెళ్లాను. చలానా చూడగానే గట్టిగా నవ్వాడు. "ఏంటి మాస్టారూ, 2024-25 ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్, అంటే ఆ పన్ను లెక్క చూసే తర్వాతి ఏడాది, 2025-26 కదండీ! మీరు 2024-25 నొక్కారు. లెక్కల మాస్టారికి ఇది కూడా తెలీదా?" పక్కన నా పాత స్టూడెంటు తండ్రి కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేకపోయాను. "ఆ పది వేలు పోయాయనుకుని మళ్లీ కట్టెయ్యండి" అని సలహా, దానికి ఐదొందల ఫీజు. ఇరవయ్యేళ్లుగా పాఠం చెబుతున్నాను, తప్పు చేసిన పిల్లాణ్ణి చూసి నలుగురిలో ఎప్పుడూ నవ్వలేదు.

డబ్బు ఎక్కడికీ పోదు. పోర్టల్‌లోనే చలానా దిద్దుకునే సదుపాయం ఉంది, కాకపోతే కట్టిన కొద్దిరోజుల్లోనే అడగాలి. నాకు ఆ గడువు దాటింది కాబట్టి అసెసింగ్ ఆఫీసరుకు (మన పన్ను లెక్క చూసే అధికారికి) అర్జీ రాసి, చలానా, పాన్ కాపీలు జతచేసి ఇచ్చాను. అక్కడి అమ్మాయి "మీలా చాలామంది వస్తారు సార్, కంగారుపడకండి" అంది. ఆ ఒక్క మాటకే సగం బరువు దిగింది.

మీరు కడితే వారం లోపే ఏఐఎస్ తెరిచి ఏ ఏడాది కింద పడిందో చూసుకోండి. నేను మార్చిలోనే చూసి ఉంటే ఆ ఆఫీసు గడప తొక్కేవాణ్ణే కాదు.

నిన్న రిటర్ను తెరిస్తే నాలుగు చలానాలూ వాటంతటవే వచ్చి ఉన్నాయి. పన్ను బాకీ సున్నా, వడ్డీ సున్నా. మా ఆవిణ్ణి నిద్రలేపి చూపించి, ఆధార్ ఓటీపీ కొట్టి రిటర్ను ధ్రువీకరించాను.