‘అర్థం కాలా’ అన్న మాట లోపల

నెల్లూరులోనో కావలిలోనో ఒంగోలులోనో ఓ ముప్పై మందిని కూర్చోబెట్టి కల లాంటి సినిమా ఒకటి వేసి చూడండి. లైట్లు వెలగ్గానే వినపడే మొదటి మాట దాదాపుగా ఇదే: “ఏందన్నా ఇది, ఒక్క ముక్క అర్థం కాలా.” వేసినవాళ్ళు అది విని డీలా పడిపోతారు. మనవాళ్ళకు ఇట్టాంటివి పట్టవులే అని సర్దుకుంటారు. నా దృష్టిలో అది పెద్ద పొరపాటు. ‘అర్థం కాలా’ అనేది నాలుగైదు వేరువేరు ఇబ్బందులకు కలిపి పెట్టుకున్న ఒకే పేరు. విడదీసి చూస్తే వాటిలో కొన్ని సినిమావి, కొన్ని మన అలవాటువి, చాలావి మాత్రం సినిమా వేసిన గదివి. గదివైతే బాగుచెయ్యొచ్చు.

మాట్లాడుకోవడానికి ఒక సినిమా కావాలి కాబట్టి థాయ్ దర్శకుడు అపిచాత్‌పాంగ్ వీరసేతకుల్ తీసిన ‘అంకుల్ బూన్మీ హూ కెన్ రీకాల్ హిస్ పాస్ట్ లైవ్స్’ తీసుకుందాం. 2010లో కాన్ చిత్రోత్సవంలో అక్కడి అత్యున్నత బహుమతి పామ్ డోర్ గెలిచింది. బూన్మీకి కిడ్నీ జబ్బు. థాయ్‌లాండ్ ఈశాన్యాన తన తోటలో చివరి రోజులు గడుపుతుంటాడు. ఒక రాత్రి వరండాలో భోజనాల దగ్గర, ఎప్పుడో చనిపోయిన భార్య మెల్లగా కుర్చీలో రూపు కడుతుంది. ఇంకాసేపటికి, తప్పిపోయిన కొడుకు ఒళ్ళంతా నల్లటి జుట్టుతో, ఎర్రగా మెరిసే కళ్ళతో మెట్లెక్కి వస్తాడు. అక్కడున్నవాళ్ళు కాస్త ఉలిక్కిపడి, తర్వాత మామూలుగా మాటల్లో పడతారు.

ఈ దృశ్యం దగ్గరే హాల్లో జనం రెండుగా చీలిపోతారు. సినిమాలు బాగా చూసే కుర్రాళ్ళు తికమకపడతారు. పెద్దవాళ్ళు అంతగా పడరు. కారణం స్పష్టమే. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టి, పేరు పేరునా తలుచుకుని, విస్తరి వేసి వడ్డించే ఇంట్లో పెరిగినవాళ్ళకు, చనిపోయిన మనిషి భోజనాల వేళకు రావడం కొత్తేమీ కాదు. వాళ్ళు “ఎందుకొచ్చింది?” అని అడగరు, “వచ్చినామె ఏమన్నా తినిందా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకున్న విలువ వ్యాసాలు రాసేవాళ్ళు కూడా గుర్తించాలి.

కుర్రాళ్ళ తికమకకు మూలం మన జానపద సినిమా. ‘పాతాళభైరవి’ (1951) కాలం నుంచీ మాయ జరిగే ముందు మనకు కబురందుతుంది. పొగ వస్తుంది, సంగీతం మారుతుంది, ఎదుటి పాత్ర నోరు తెరిచి చూస్తుంది. మనం మాయకు సిద్ధమైపోతాం. ఇట్టాంటి సినిమాలో ఆ కబురు రాదు. అన్నం పెట్టుకున్నంత మామూలుగా దయ్యం వచ్చి కూర్చుంటుంది. అందుకే చూసేవాడు ‘నేనేదో వదిలేశాను’ అనుకుని వెనక్కి వెతుక్కుంటాడు. వదిలేసిందేమీ లేదు. ఆ సంగతి ముందే చెబితే సగం భారం దిగిపోతుంది. తోలుబొమ్మలాట ఎరిగినవాళ్ళకు ఒక్క మాట చాలు: రామాయణం మధ్యలో కేతిగాడూ బంగారక్కా వచ్చి ఈనాటి ఊసులు మాట్లాడి వెళ్తే మనం కథ తెగిందనుకోలేదు గదా, ఇదీ అట్టాగే.

ఇక ‘బోర్’ అన్న మాట. ఇది చాలాసార్లు శబ్దం గురించిన ఫిర్యాదు. ఇట్టాంటి సినిమాలో ఒక్కో షాట్ నిమిషాల తరబడి కదలకుండా నిలబడుతుంది. ఆ నిమిషాల్లో జరిగేదంతా చెవికే. కీచురాళ్ళు, దూరంగా ఏదో జంతువు, గాలి, ఎక్కడో మోటారు. అవి వినపడకపోతే తెర మీద నిజంగానే ఏమీ లేదు, విసుగొచ్చినవాడి తప్పు లేదు. ఫంక్షన్ హాళ్ళలో ఉండే మైక్‌సెట్ బాక్సులు ఉపన్యాసానికీ పాటకూ పనికొస్తాయి గానీ, సన్నటి అడవి చప్పుడును మింగేస్తాయి. రెండు మామూలు పవర్డ్ స్పీకర్లు (ఆంప్లిఫయర్ లోపలే ఉండేవి) తెరకు అటూ ఇటూ, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు కాస్త పైన పెట్టడం మేలు. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి. గోడలు తిరిగి కొడుతుంటే వాల్యూమ్ పెంచొద్దు, పెంచినకొద్దీ మాట మరింత చెదురుతుంది. నేల మీద జంపఖానాలు, వెనక గోడకు మందపాటి పరదాలు వేస్తే తగ్గుతుంది.

ఇంకో తప్పు తరచుగా జరుగుతుంది. ఫైల్లో శబ్దం 5.1లో, అంటే ఆరు ఛానెళ్ళుగా విడిపోయి ఉంటుంది, మన దగ్గర ఉండేది రెండు స్పీకర్లు. ప్లేయర్ సరిగా కలపకపోతే మాటలుండే మధ్య ఛానెల్ సన్నబడిపోయి, చుట్టుపక్కల చప్పుళ్ళు మాత్రమే మోగుతాయి. “మాటలు వినపడలా” అని ఎవరైనా అంటే మొదట చూడాల్సింది ఇదే. ఆడియో సెట్టింగుల్లో స్టీరియో ఎంచుకుంటే సరిపోతుంది.

శబ్దం చెప్పుకున్నాక దోమల సంగతి తప్పదు. నెల్లూరులో కిటికీలు తెరిస్తే దోమలు, మూస్తే ఉక్క. ఉక్కకు సీలింగ్ ఫ్యాన్లు ఐదు మీద పెడతారు, అడవి చప్పుడు మొత్తం ఆ హోరులో కలిసిపోతుంది. దోమల చక్రాలు వెలిగిస్తే ప్రొజెక్టర్ కాంతిలో పొగ తెరలు తెరలుగా కనపడుతుంది. నాకు తెలిసిన మేలైన పద్ధతి: సాయంత్రం ఐదింటికే తలుపులు మూసి, లిక్విడ్ మెషిన్లు పెట్టి, జనం వచ్చేముందు ఓ అరగంట ఫ్యాన్లు పూర్తిగా తిప్పి, సినిమా మొదలయ్యాక రెండు మీదికి దించడం. ఇది మే నెలలో కుదరదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, వాయుగుండాలు. రేకుల కప్పు మీద వాన పడిందంటే ఎంత మంచి స్పీకరైనా ఓడిపోతుంది. సంక్రాంతి దాటాక మార్చి సగం దాకా, ఆ రెండు నెలలే మన జిల్లాలకు అసలైన కాలం.

వెలుతురు దగ్గర లెక్క చూసుకోవాలి. తెర వెడల్పు పది అడుగులైతే ఎత్తు ఐదున్నర అడుగుల పైచిలుకు, అంటే సుమారు 56 చదరపు అడుగులు. తెర ఎంత వెలగాలో చెప్పే సినిమా హాలు ప్రమాణం 14 ఫుట్‌ల్యాంబర్ట్‌లు. మామూలు తెల్లతెర మీద దానికి చదరపు అడుగుకు 14 ల్యూమెన్లు (ప్రొజెక్టరు ఇచ్చే వెలుతురుకు కొలత) కావాలి, మొత్తం కలిపి 800 లోపే. 3,000 ల్యూమెన్ల ప్రొజెక్టరు సినిమా మోడ్‌లో, కాస్త పాత దీపంతో, సగమే ఇచ్చినా మిగులే. కాబట్టి “చీకటి సీన్లు ఏమీ కనపళ్ళా” అన్నప్పుడు ప్రొజెక్టరును తిట్టి లాభం లేదు. ఏ ప్రొజెక్టరుకూ నలుపును వెయ్యడం చేతకాదు. తెర మీద నలుపు అంటే ఆ గదిలో మిగిలిన చీకటే. వరండా ట్యూబ్‌లైటు తలుపు సందులోంచి పడుతున్నా, వెంటిలేటర్లోంచి వీధిలైటు వస్తున్నా, ఆ వెలుగే నలుపు స్థానంలో కూర్చుంటుంది. రాత్రి అడవిలో ఎర్రకళ్ళు మెరవాల్సిన చోట బూడిదరంగు గోడ కనిపిస్తే ప్రేక్షకుడు నవ్వక ఏం చేస్తాడు? వెంటిలేటర్లకు నల్ల చార్టు అంటించండి. తెర పక్కనున్న తెల్లగోడల మీద ముదురు రంగు గుడ్డ కట్టండి. మన దగ్గర మే నెలలో ఆరున్నర దాకా సూర్యుడుంటాడు కాబట్టి ఏడుకు ముందు మొదలుపెట్టొద్దు. ముందురోజు అదే వేళకు సినిమాలో అన్నింటికన్నా చీకటి సీను ఒకటి వేసి, మనిషి చొక్కాకూ వెనక చెట్టుకూ తేడా తెలుస్తుందో లేదో చూసుకోండి.

త్రో రేషియో (తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలో చెప్పే అంకె) 1.5 ఉన్న ప్రొజెక్టరును పది అడుగుల తెరకు పదిహేను అడుగుల దూరంలో పెట్టాలి. బల్ల మీద పెట్టి, వంకరపోయిన బొమ్మను సరిచేసే కీస్టోన్ నొక్కితే అంచులు తిన్నగా వస్తాయి గానీ పదును పోతుంది. స్టాండ్ ఎత్తు మార్చి తిన్నగా పెట్టుకోవడమే మంచిది. టీవీ మీద వేస్తుంటే, లేని ఫ్రేములు మధ్యలో చేర్చే మోషన్ స్మూతింగ్ ఆపాలి. అది ఆన్‌లో ఉంటే సెకనుకు 24 ఫ్రేముల సినిమా కాస్తా సీరియల్‌లా జారుతుంది, కల విరిగిపోతుంది. పాత సినిమాలు చాలావరకు 1.37 నిష్పత్తిలో, అంటే ఎత్తుకు 1.37 రెట్ల వెడల్పుతో ఉంటాయి. పక్కన నల్లపట్టీలు వస్తున్నాయని బొమ్మను సాగదీయకండి, మొహాలు ఉబ్బిపోతాయి.

సబ్‌టైటిళ్ళు తెలుగులో వేస్తే వచ్చే మార్పు ఇంతా అంతా కాదు. ఇంగ్లీషు గబగబా చదవలేనివాళ్ళు కింది వరస చదవడంలోనే మునిగి పై బొమ్మ చూడరు. వాళ్ళు చెప్పే ‘అర్థం కాలా’కు అర్థం అదే. ఒక్కసారికి రెండు వరసలు మించొద్దు. ఫైలును యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలకూ సరిపోయే పద్ధతి)లో సేవ్ చెయ్యకపోతే తెలుగు బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి. పెన్‌డ్రైవ్ నేరుగా టీవీకి పెడితే కొన్నింట్లో డబ్బాలు కనపడతాయి, లేదా వత్తులు విడిపోతాయి. అప్పుడు అక్షరాలను వీడియోలోనే కలిపేసి కొత్త ఫైలు చేసుకోవడం తప్ప దారి లేదు. మాట ముందూ అక్షరం వెనకా అవుతుంటే, సినిమా ఫైళ్ళు ఆడించే వీఎల్‌సీలో జీ, హెచ్ మీటలు ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు అటూ ఇటూ జరుపుతాయి. మొదట సరిగ్గా ఉండి పోనుపోను జారిపోతుంటే అది వేరే రోగం. 23.976 ఫ్రేముల సినిమాకు 25 ఫ్రేముల సబ్‌టైటిల్ ఫైలు తగిలించారన్నమాట. వంద నిమిషాల సినిమా చివరికి నాలుగు నిమిషాలకు పైగా తేడా వస్తుంది. మీటలతో తీరదు, ఫైలునే మార్చాలి.

కరెంటు పోతే? దీపం ఉన్న ప్రొజెక్టరు వేడిగా ఆరిపోతే, చల్లారేదాకా కొన్ని నిమిషాలు మళ్ళీ వెలగదు. ప్రొజెక్టరుకూ ల్యాప్‌టాప్‌కూ కలిపి ఒక కేవీఏ యూపీఎస్ పెట్టుకుంటే జనరేటర్ అందుకునేదాకా ఆగుతుంది. ప్రదర్శన హక్కులున్నవాళ్ళ అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి, టికెట్ లేకపోయినా సరే.

ఇంటర్వెల్ ఇవ్వకండి. ఈ ఒక్క విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. టీ తాగి వచ్చినవాడు వేరే మనిషి. ముందుగానే ఎన్ని నిమిషాలో చెప్పి, మంచినీళ్ళూ బాత్‌రూమూ చూసుకోమనండి. పరిచయం మూడు నిమిషాలు మించొద్దు. కథ చెప్పొద్దు. పాత్రల పేర్లూ వాళ్ళ వరసలూ రాసిన చీటీ ఒకటి చేతికిచ్చి, “చనిపోయినవాళ్ళు వస్తారు, ఎందుకో ఎవరూ వివరించరు” అంటే చాలు.

చూస్తూ నిద్రపోయేవాళ్ళుంటారు, లేపొద్దు. ఇదే దర్శకుడు 2018లో రాటర్‌డామ్ చిత్రోత్సవంలో జనం రాత్రంతా పడుకుని చూసే ప్రదర్శననే ఏర్పాటు చేశాడు. అట్టా మధ్యలో కళ్ళు మూతపడి మళ్ళీ తెరిచినవాళ్ళు చెప్పేవి ఒక్కోసారి అందరికన్నా బాగుంటాయి. నవ్వేవాళ్ళనూ కసరొద్దు. వింతను చూసి భయపడిన మనిషి మొదట నవ్వే నవ్వు వేరు, వెక్కిరింపు వేరు. మొదటిది రెండు నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుంది.

అన్నింటికన్నా కష్టం, చదువుకున్నవాళ్ళ “దీనికి అర్థమేంటి సార్?” కోతిలా వచ్చిన కొడుక్కి ఒక అర్థం, సినిమా మొదట్లో కనపడే గేదెకు ఒక అర్థం కావాలి వాళ్ళకు. ఎవరో ఒక పెద్దమనిషి లేచి అది జన్మల చక్రం అని చెప్పేస్తే, ఆ తర్వాత మాట్లాడే పదిమందీ అదే మాట అటూ ఇటూ తిప్పుతారు. అందుకే క్రెడిట్లు పూర్తయ్యాక కూడా రెండు నిమిషాలు లైట్లు వెయ్యకుండా ఉంచి, తర్వాత ఎవరూ నోరు విప్పకముందే అరకాగితమూ పెన్సిలూ ఇవ్వాలి. రెండే ప్రశ్నలు: కళ్ళు మూసుకుంటే ఏ బొమ్మ కనపడుతోంది? ఎక్కడ విసుగొచ్చింది? పేరు రాయనక్కర్లేదు, వయసు చాలు. పది నిమిషాలయ్యాక కాగితాలు కలిపి ఒక్కొక్కటీ పైకి చదవండి. చర్చ ఆ కాగితాల మీదే నడపండి. రచయితలనూ మాస్టార్లనూ చివర మాట్లాడమనండి, బాధపడరు.

‘ఎక్కడ విసుగొచ్చింది’ కాగితాలను సినిమా నిమిషాలతో సరిచూడండి. ఏడెనిమిది మంది ఒకే చోటు రాశారంటే అక్కడ ఫ్యాన్ హోరో, సబ్‌టైటిల్ జారిందో, బయట పెళ్ళి ఊరేగింపు పోయిందో చూసుకోవాలి. తలా ఒక చోటు రాస్తే అది వాళ్ళకూ సినిమాకూ మధ్య వ్యవహారం, మనం వేలు పెట్టనక్కర్లేదు. రెండు రోజుల తర్వాత మొదటి ప్రశ్నే మళ్ళీ వాట్సాప్‌లో అడిగి, పాత కాగితం పక్కన కొత్త జవాబు రాసి పెట్టుకోండి. ఆ రాత్రి “అర్థం కాలా” అన్నవాళ్ళ దగ్గర్నుంచి వచ్చే వాయిస్ మెసేజ్ నిడివి ఎంతుందో కూడా రాసుకోండి.