జోన్‌ను జాన్ చేసిన నా నాలుక

జిల్లా పరిషత్ పాఠశాలలో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, తొమ్మిదేళ్లుగా హైదరాబాదులో గిడ్డంగుల సాఫ్ట్‌వేరుకు సపోర్టు ఇచ్చే ఉద్యోగం చేస్తున్న నాకు ఇంగ్లీషులో ఈమెయిలు రాయడం ఏనాడూ కష్టం కాలేదు. నోరు విప్పవలసి వచ్చినప్పుడే చిక్కంతా.

నిరుడు ఆగస్టులో ఒక సాయంత్రం అమెరికా క్లయింటుతో కాల్ నడుస్తుండగా, వారి గిడ్డంగిలో మూడో జోన్ స్కానర్లు రాత్రి నుంచి పనిచేయడం లేదని చెప్పాను. మన మాటలను తెర అడుగున అక్షరాలుగా చూపించే క్యాప్షన్లను ఆ రోజు ఎవరో ఆన్ చేశారు. నేను ‘జోన్’ (zone) అన్న ప్రతిసారీ అక్కడ ‘జాన్’ (John) అని పడింది. జాన్ రాత్రి నుంచి స్పందించడం లేదు, రెండుసార్లు ప్రయత్నించాం, అయినా లేవలేదు! క్లయింటు తరఫున ఉన్న ఆవిడ ఆందోళనగా, జాన్ ఎవరు, ఆయనకు ఎలా ఉంది అని అడిగారు. నేను అయోమయంలో మళ్లీ ‘జోన్’ అన్నాను; మళ్లీ ‘జాన్’ పడింది. పద్నాలుగు మంది ఉన్న ఆ కాల్‌లో మా మేనేజరు పగలబడి నవ్వి, నన్ను మ్యూట్ చేసి, మిగిలినది తానే చెప్పారు. మ్యూట్ అయ్యాక కూడా నేను పెదవులు కదుపుతూనే ఉన్నానని తర్వాత రికార్డింగులో చూసుకున్నాను. మరునాటి నుంచి క్యాంటీన్‌లో నా పేరు జాన్.

అమీర్‌పేటలో ఒక ఇంగ్లీషు శిక్షణ సంస్థకు మూడు నెలల రుసుము కట్టాను. అక్కడ వ్యాకరణం కాగితాలు నింపించారే తప్ప ఒక్కరోజూ నా నోటివైపు చూసినవారు లేరు కనుక, అటువంటి చోట డబ్బు పొయ్యవద్దని గట్టిగా చెబుతాను.

తర్వాత, నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో చేరాను. తొలి ప్రసంగానికి 4 నుంచి 6 నిమిషాలు. నాలుగో నిమిషానికి పచ్చ, ఐదుకు పసుపు, ఆరుకు ఎరుపు కార్డు చూపిస్తారు. ఊతపదాలు లెక్కపెట్టే సభ్యురాలు, నేను 23 సార్లు ‘బేసికల్లీ’ అన్నానని ప్రకటించారు. బాధ కలిగినా, ఆ లెక్కలో వెక్కిరింత లేదు.

నా అసలు లోపాన్ని పట్టుకున్నవారు అక్కడి ఒక విశ్రాంత తెలుగు పంతులుగారు. “జీతం, జడ అని పలకండి. రెండు చోట్లా నాలుక ఒకేచోట తగులుతోందా?” అని అడిగారు. జీతంలో అంగిటికి, జడలో పళ్ల వెనక్కి తగులుతోంది. పాత పుస్తకాల్లో ఈ రెండో జకారానికి ‘ౙ’ అని పైన గుర్తు పెట్టేవారట. “ఆ జడలోని జకారాన్నే, నాలుక పూర్తిగా ఆనించకుండా, గాలి జారనివ్వండి, ఇంగ్లీషు జోన్ వస్తుంది” అన్నారు. మూడు నెలలు కట్టిన రుసుముకు దొరకనిది మా అమ్మమ్మ జడలోనే ఉంది! నెల రోజులు మెట్రోలో మాస్కు వేసుకుని జడ, జోన్, జడ, జీరో అని గొణుక్కున్నాను.

ఇంకొకటి కూడా దిద్దుకున్నాను. క్రియ చివర వచ్చే భాషలో పెరిగినందువల్లనో ఏమో, కారణాలన్నీ చెప్పి ఫలితాన్ని చివరికి తెచ్చేవాడిని. అంతలోనే ఎవరో అడ్డుపడేవారు. ఇప్పుడు “పని ఆలస్యమవుతుంది, గురువారానికి ఇస్తాం” అని ముందే చెప్పి, కారణం అడిగితేనే వివరిస్తున్నాను.

పోయిన మంగళవారం అదే క్లయింటుకు ఇరవై నిమిషాలు నేనొక్కడినే వివరించాను, క్యాప్షన్లు నేనే ఆన్ చేసి. జోన్ అన్న ప్రతిసారీ జోన్ అనే పడింది. చివర్లో మా మేనేజరు ధన్యవాదాలు చెబుతూ మూడో జోన్ సంగతి ఎత్తారు. తెర మీద ‘జాన్’ అని పడింది.