వేటలు లేని గావెయిన్ పాఠం

అమెరికా హైస్కూళ్లలో పన్నెండో తరగతి ఇంగ్లిష్ అంటే చాలాచోట్ల బ్రిటిష్ సాహిత్యమే. ముందు బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లిష్ కావ్యం, తరువాత చాసర్ రాసిన కాంటర్‌బరీ కథల్లో ఒకటి రెండు, ఆపైన మాక్‌బెత్. ఈ వరుసలో చాసర్‌కు కాస్త అటో ఇటో ‘సర్ గావెయిన్ అండ్ ద గ్రీన్ నైట్’ అనే పద్నాలుగో శతాబ్దపు కావ్యం వస్తుంది. మా అమ్మాయికి ఈ ఏడాది అది పాఠం కావడంతో దానితోపాటు నేనూ చదివాను. పాఠ్యపుస్తకంలో ఇచ్చిన భాగాలు ముందు చదివి, తరువాత లైబ్రరీ నుంచి పూర్తి కావ్యం తెచ్చుకొని చదివిన మీదట నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. ఈ కావ్యంలో గావెయిన్‌కు అసలు పరీక్ష తల నరికే పందెం కాదు, ఒక కోటలో మూడు సాయంత్రాలు జరిగిన ఇచ్చిపుచ్చుకోళ్ల ఒప్పందం. ఆ ఒప్పందం బరువు తెలియాలంటే దాని పక్కనే నడిచే వేటలను చదవాలి. పాఠ్యపుస్తకం తీసేసింది సరిగ్గా ఆ వేటలనే.

కథ తెలియని వారి కోసం ముందుగా కొంత చెప్పాలి. కొత్త సంవత్సరం రోజున ఆర్థర్ రాజు కొలువులో విందు జరుగుతుండగా, ఒళ్లూ బట్టలూ గుర్రమూ అన్నీ ఆకుపచ్చగా ఉన్న ఒక మహాకాయుడు నేరుగా సభలోకి స్వారీ చేసుకుంటూ వస్తాడు. అతని ఒక చేతిలో హోలీ చెట్టు కొమ్మ, మరో చేతిలో గొడ్డలి ఉంటాయి. ఈ గొడ్డలితో నన్ను ఒక్క దెబ్బ కొట్టండి, ఏడాది తిరిగాక అలాంటి దెబ్బే నా చేతిలో తినండి అని సవాలు చేస్తాడు. ఎవరూ లేవకపోతే ఆర్థరే లేస్తాడు. అప్పుడు అతని మేనల్లుడు గావెయిన్, ఇక్కడున్న వారందరిలో బలహీనుణ్ణి నేనే, నా ప్రాణం పోతే నష్టం తక్కువ అని వినయంగా చెప్పి ఆ పని తన మీద వేసుకుంటాడు. ఒక్క వేటుకు తల నేల మీద పడి దొర్లుతుంది. సభలోని వారు దాన్ని కాళ్లతో తంతారు. మొండెం తొణక్కుండా వెళ్లి ఆ తలను జుట్టు పట్టుకొని పైకెత్తుతుంది. తల కళ్లు తెరిచి, వచ్చే కొత్త సంవత్సరం నాడు తిరుగు దెబ్బ తినడానికి తానుండే గ్రీన్ చాపెల్‌కు రమ్మని గావెయిన్‌కు గుర్తుచేస్తుంది.

ఇంతవరకూ క్లాసులో పిల్లలందరికీ బాగా నచ్చిందట. 2021లో దేవ్ పటేల్ గావెయిన్‌గా వచ్చిన సినిమాను కొందరు అప్పటికే చూసి ఉన్నారు కూడా, అయితే ఆ సినిమా ముగింపు వేరు, కావ్యం ముగింపు వేరు. ఇక వర్క్‌షీట్లలో ఎప్పుడూ ఉండేవే ఉన్నాయి: వీరుడి ప్రయాణంలోని దశలు, ఆకుపచ్చ రంగు దేనికి సంకేతం, గావెయిన్ డాలు మీది అయిదు కోణాల నక్షత్రం దేన్ని సూచిస్తుంది. ఆ నక్షత్రానికి కవి నలభైకి పైగా పంక్తులు కేటాయించాడు కాబట్టి దాని గురించి అడగడం సబబే. అయిదు ఇంద్రియాలు, అయిదు వేళ్లు, క్రీస్తు దేహం మీది అయిదు గాయాలు, మేరీ మాత పొందిన అయిదు ఆనందాలు, వీరుడికి ఉండవలసిన అయిదు గుణాలు అంటూ కవి లెక్క చెబుతాడు. ఆ గీత ఎక్కడా తెగకుండా మొదలైన చోటికే తిరిగి చేరుతుందని కూడా అంటాడు. అలాంటి గీత ఒక్కచోట తెగితే మొత్తం తెగినట్టేనన్న సంగతిని మాత్రం వర్క్‌షీటు అడగలేదు. తరువాతి కథంతా ఆ ఒక్కచోటు గురించే.

కథలోకి పోయే ముందు పద్యం నడక గురించి కొంచెం రాయకుండా ఉండలేను, ఎందుకంటే తెలుగు మీడియంలో గురువులు, లఘువులు లెక్కపెడుతూ పెరిగిన వారికి ఇది అమెరికన్ పిల్లల కన్నా ముందు చెవికెక్కుతుంది. మూలంలోని మొదటి పంక్తి సుమారుగా ఇలా వినిపిస్తుంది: “సిథెన్ ద సేజ్ అండ్ ది అసౌట్ వస్ సేసెడ్ అట్ ట్రోయె.” ట్రాయ్ ముట్టడి ముగిసిన తరువాత అని అర్థం. పంక్తి రెండు సగాలుగా విరుగుతుంది. మొదటి సగంలో ఊనిక పడే, అంటే ఒత్తి పలికే చోట్ల ఏ ధ్వని వస్తుందో రెండో సగంలో మొదటి ఊనిక దగ్గర కూడా అదే రావాలి. ఇక్కడ ఆ ధ్వని సకారం. మన యతి చేసే పని ఇంచుమించు ఇదే. తేడా ఏమిటంటే మనకు యతిస్థానం అక్షరాల లెక్కతో స్థిరంగా ఉంటుంది, ఉత్పలమాలలో పదో అక్షరమైతే పదో అక్షరమే. వారికి ఊనిక ఎక్కడ పడితే అదే స్థానం. పైగా మనం అకారానికి ఆ, ఐ, ఔలతోనే మైత్రి ఒప్పుకొంటాం, వారు ఏ అచ్చుకు ఏ అచ్చునైనా సరిపెట్టేస్తారు. ఇలాంటి పొడవైన పంక్తులు కొన్ని నడిచాక రెండక్షరాల బుల్లి పంక్తి ఒకటి, దాని వెంట అంత్యప్రాసలతో నాలుగు పొట్టి పంక్తులు వచ్చి ఆ పద్యఖండాన్ని ముగిస్తాయి. దీన్ని చూడగానే నాకు సీసపద్యం, దాని కింద తేటగీతి గుర్తొచ్చాయి. నాలుగు పెద్ద పాదాలు సాగి సాగి నడిచాక ఎత్తుగీతి వచ్చి మాటను టక్కున ఎలా పట్టుకుంటుందో ఇక్కడా అలాగే జరుగుతుంది. క్లాసులో చదివే వచనంలాంటి అనువాదంలో ఈ సంగతి ఏమీ తెలియదు.

కవి ఎవరో తెలియదు. లండన్‌లో ఉన్న చాసర్‌కు సమకాలికుడే అయినా, ఇంగ్లండ్‌లో వాయవ్య మిడ్‌లాండ్స్ మాండలికంలో రాశాడు. తరువాతి కాలంలో ప్రామాణికమైనది లండన్ ఇంగ్లిష్ కాబట్టి చాసర్‌ను పిల్లలు కిందామీదా పడి మూలంలోనే చదవగలరు, గావెయిన్‌కు మాత్రం అనువాదం తప్పదు. కావ్యం మొత్తం 2530 పంక్తులు, నాలుగు భాగాలు. దానికున్న ప్రాచీన ప్రతి ఒకే ఒక్కటి. సర్ రాబర్ట్ కాటన్ గ్రంథాలయంలో ఉన్న ఆ ప్రతి 1731లో వెస్ట్‌మిన్‌స్టర్‌లోని ఆష్‌బర్న్‌హామ్ హౌస్ అగ్నిప్రమాదం నుంచి బయటపడింది. అదే మంటల్లో బేవుల్ఫ్ ప్రతి అంచులు మాడాయి. గావెయిన్‌ను మొదటిసారి అచ్చు వేసినది 1839లో, ఫ్రెడరిక్ మాడెన్. నేడు ఆ ప్రతి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

గావెయిన్ గ్రీన్ చాపెల్‌ను వెతుక్కుంటూ చలికాలంలో ఉత్తర వేల్స్ మీదుగా, విరల్ అడవుల మీదుగా ఒంటరిగా వెళతాడు. దారిలో పాములతో, తోడేళ్లతో, రాక్షసులతో జరిగిన పోరాటాలను కవి నాలుగు ముక్కల్లో తేల్చేసి, వాటికన్నా చలే అధ్వానమని అంటాడు. చివరికి క్రిస్మస్ ముందురోజు ఒక కోట కనిపిస్తుంది. కోట ప్రభువు అతనికి మర్యాదలు చేసి, నువ్వు వెతికే చోటు ఇక్కడికి రెండు మైళ్లలోపే ఉంది, కొత్త సంవత్సరం దాకా హాయిగా విశ్రాంతి తీసుకో అంటాడు. ఆ వెంటనే సరదాగా ఒక ఒప్పందం ప్రతిపాదిస్తాడు. నేను రోజూ వేటకు వెళతాను, అడవిలో నాకు దొరికినది నీకిస్తాను. ఇంట్లో నీకు దొరికినది నాకివ్వాలి. గావెయిన్ నవ్వుతూ ఒప్పుకుంటాడు. తల పోయే పందెం ముందుంటే ఈ ఆటను ఎవరు పట్టించుకుంటారు?

ఇక్కడ మొదలయ్యే మూడో భాగం కావ్యంలో మూడో వంతు ఉంటుంది. పాఠ్యపుస్తకంలో దీనికి ఇచ్చినది వాలు అక్షరాల్లో ఒక చిన్న సారాంశం: ప్రభువు వేటకు వెళ్లిన మూడు రోజులూ అతని భార్య గావెయిన్ పడకగదికి వచ్చి అతణ్ణి పరీక్షిస్తుంది, మూడో రోజు ఒక ఆకుపచ్చ పట్టు నడికట్టు ఇస్తుంది. చోటు చాలక కుదించారో, పదిహేడేళ్ల పిల్లల ముందు పడకగది ప్రస్తావన ఎందుకని కుదించారో నాకు తెలియదు. సమాచారంగా చూస్తే ఆ సారాంశంలో ఒక్క తప్పు లేదు.

కవి మాత్రం ప్రతి పడకగది సన్నివేశాన్నీ ఒక వేటలో పొదిగి చెబుతాడు. తెల్లవారకముందే బూరలు ఊదుతూ వేట మొదలవుతుంది. మధ్యలో పరుపు మీద పడుకున్న గావెయిన్ దగ్గరికి వస్తాం. మళ్లీ అడవికి వెళ్లి వేట ముగింపు చూస్తాం. మొదటి రోజు జింకలు. వేట నిషిద్ధమైన కాలం కాబట్టి మగ జింకలను ప్రభువు వదిలేయమంటాడు. సాయంత్రం మాంసం కోసే పద్ధతిని కవి చేయి తిరిగిన వేటగాడిలా వర్ణిస్తాడు: ఎక్కడ చీల్చాలి, ఏ భాగం ఎవరి వంతు, రక్తంలో తడిపిన రొట్టెతో కాలేయం, ఊపిరితిత్తులు కలిపి కుక్కలకు ఎలా పెట్టాలి, ఆఖరికి కాకులకు చెందవలసిన చిన్న ముక్కను పొదల్లోకి విసరడం కూడా. ప్రతి జీవికీ తనకు రావలసిన వాటా ముడుతుంది. ఆ రాత్రి గావెయిన్ తనకు దక్కిన ఒక్క ముద్దునూ ప్రభువుకు నిజాయితీగా అప్పగిస్తాడు. వాటాల లెక్క అడవిలోనూ ఇంట్లోనూ ఒక్కటేనని అంత మాంసం కోత చదివాక గాని బోధపడదు. రెండో రోజు అడవి పంది. ప్రభువు గుర్రం దిగి, ఏటి నీళ్లలోకి నడిచి, ఎదురుగా దూకిన పంది గొంతులోకి కత్తిని పిడి దాకా దించుతాడు. ఆ రోజు రెండు ముద్దులు, అవీ లెక్క ప్రకారం ముట్టాయి.

మూడో రోజు నక్క. అది మలుపులు తిరుగుతూ, వెనక్కి మళ్లుతూ కుక్కలను ఏమార్చి చివరకు ప్రభువు కంటబడుతుంది. అతను కత్తి విసిరితే నక్క ఆ పదునుకు జడిసి పక్కకు తప్పుకోబోయి నేరుగా వేటకుక్క నోట్లో పడుతుంది. అదే ఉదయం కోటలో ఆ ఇల్లాలు గావెయిన్‌కు ముందు మెరిసే రాయి ఉన్న ఎర్ర బంగారు ఉంగరం ఇవ్వబోతుంది, అతను వద్దంటాడు. తరువాత తన నడికట్టు ఇవ్వబోతే అదీ వద్దంటాడు. ఇది కట్టుకున్నవాణ్ణి ఏ ఆయుధమూ చంపలేదని ఆమె చెప్పాక అతని మనసు మారుతుంది. తన భర్తకు చెప్పవద్దని ఆమె కోరితే సరేనంటాడు. ఆ తరువాత పూజారి దగ్గరికి వెళ్లి పాపాలన్నీ ఒప్పుకొని పరిశుద్ధుడై వస్తాడు, నడికట్టును మాత్రం దాచుకొనే వస్తాడు. సాయంత్రం అందరి ముందుకూ నీలం రంగు అంగీ వేసుకొని వస్తాడు. ఇంగ్లండ్‌లో ఆ రోజుల్లో నీలం నమ్మకానికి గుర్తు. మొదటి రెండు సాయంత్రాలూ ముందు ప్రభువు ఇచ్చాకే గావెయిన్ ఇచ్చాడు. ఈసారి ప్రభువు తన కంపు నక్కతోలు చూపించే లోపే గావెయిన్ ఎదురెళ్లి, ముందు నా వంతు అంటూ గబగబా మూడు ముద్దులూ ముట్టజెప్పేస్తాడు. ఆ తొందర చూశారా! ఇవ్వనిది ఒకటి దగ్గర పెట్టుకున్నవాడే అలా ముందుగా లెక్క తేల్చేస్తాడు.

మరునాడు గ్రీన్ చాపెల్ దగ్గర, సానరాయి మీద కొడవలి నూరుతున్నట్టుగా గొడ్డలి పదును పెడుతున్న చప్పుడు ముందు వినిపిస్తుంది. గావెయిన్ మెడ వంచుతాడు. మొదటి వేటు దిగుతుండగా ఆ పదునుకు భుజాలు కుంచించుకుంటాడు, నిన్నటి నక్క తప్పుకోబోయినట్టే. పాఠ్యపుస్తకం మాత్రమే చదివినవారికి ఇది ఎవరికైనా సహజంగా కలిగే భయం. నక్కను చూసినవారికి గావెయిన్ ఆ క్షణంలో ఏమయ్యాడో తెలుస్తుంది. రెండో వేటు ఉత్తుత్తిది. మూడోది చర్మాన్ని కాస్త కోస్తుంది. తన రక్తం మంచు మీద పడటం చూడగానే అతను ఒక్క గెంతు గెంతి కత్తి దూస్తాడు. అప్పుడు ఆకుపచ్చ వీరుడు తానే ఆ కోట ప్రభువునని చెప్పి లెక్క విప్పుతాడు: రెండు రోజులు మాట నిలబెట్టుకున్నావు కాబట్టి రెండు వేట్లు నిన్ను తాకలేదు, మూడో రోజు నడికట్టు దాచావు కాబట్టి ఈ గాటు, నువ్వు దురాశతో కాదు, ప్రాణం మీది తీపితో దాచావు, అందుకే నిన్ను పెద్దగా తప్పు పట్టను.

“అమ్మా, చచ్చిపోకుండా ఉండటానికి ఒక బెల్ట్ దాచుకుంటే తప్పేంటి?” అని మా అమ్మాయి అడిగింది. దానికి సమాధానం ఫోన్‌లో మా అమ్మ ఇచ్చింది, ఆవు–పులి కథ చెబుతూ. అనంతామాత్యుడి భోజరాజీయంలో గోవ్యాఘ్ర సంవాదంగా ఉన్న ఆ కథలో ఆవు దూడకు పాలిచ్చి వస్తానని పులికి మాట ఇచ్చి, ఇచ్చిన మాట ప్రకారం తిరిగి వస్తుంది. నేను కూడా ముందు ఆ పోలికే బాగుందనుకున్నాను. అయితే మా అమ్మాయి చెప్పిన తేడాయే సరైనది. చావడానికి తిరిగి రావడం వరకు ఆవూ గావెయినూ సమానమే. ఆవుకు మాత్రం మధ్యలో ఎవరూ నడికట్టు ఇవ్వబోలేదు.

క్లాసులో చివరి వ్యాసం ప్రశ్న ‘గావెయిన్ వీరుడా, కాదా?’ అని. కావ్యమే ఈ ప్రశ్నకు మూడు తీర్పులు ఇచ్చి వదిలేస్తుంది. ఆకుపచ్చ వీరుడు నవ్వి క్షమిస్తాడు. కామెలాట్‌లోని ఆర్థర్ కొలువు గట్టిగా నవ్వి, గావెయిన్ మీది ప్రేమతో అందరూ అలాంటి పచ్చ పట్టీ ధరించాలని నిర్ణయించుకుంటుంది. గావెయిన్ ఒక్కడే నవ్వడు. సిగ్గుతో ముఖం ఎర్రబడగా, ఈ గుర్తు బతికినంత కాలం మోస్తానంటాడు. కొలువువారి నవ్వు పెద్దమనసా, అతని బాధ అర్థం కాకపోవడమా అన్నది కవి చెప్పడు. మా అమ్మాయి గావెయిన్ పక్షాన రాసింది. దాని వాదనలో నాకు నచ్చిన భాగం మూడో సాయంత్రం తొందర గురించినదే. ఆ భాగం పాఠ్యపుస్తకంలో లేదు కాబట్టి పంక్తుల సంఖ్యలతో సహా ఉదహరించవలసి వచ్చింది.

మీ పిల్లలకు ఈ పాఠం వస్తే పూర్తి కావ్యం పక్కన పెట్టుకోండి. సైమన్ ఆర్మిటేజ్ 2007లో చేసిన అనువాదం ఆ ధ్వనుల పొందికను చాలావరకు నిలుపుతుంది, అమెరికా ముద్రణలో ఎదురు పేజీలో మూలం కూడా ఉంటుంది. మేరీ బొరాఫ్ అనువాదం ఇంకాస్త నెమ్మదిగా, మర్యాదగా నడుస్తుంది. టోల్కీన్ చేసినది ఆయన పోయాక 1975లో అచ్చయింది, భాష పాతది కాబట్టి పిల్లలకు కొంచెం కష్టం. తీరిక తక్కువైతే 1126 నుంచి 1997 దాకా, అంటే మూడో భాగం చాలు. మాంసం కోత దగ్గర పేజీలు తిప్పేయనివ్వకండి.