పసుపు పలకలు పుట్టిన ఊరికి

ఒకయామా వెళ్లాలన్నది అక్క కోరిక. జపాన్ అనగానే అందరూ చెప్పే ఫ్యూజీ కొండ, చెర్రీ పూలు మా ప్లాన్‌లో లేనే లేవు. "రోడ్డు మీద ఆ పసుపు పలకలు మొట్టమొదట ఎక్కడ వేశారో అక్కడ ఒక్కసారి నడవాలిరా, అంతే" అంది.

మెట్రో స్టేషన్లలో, ఎయిర్‌పోర్టుల్లో, ఫుట్‌పాత్‌ల మీద ఉబ్బెత్తు చుక్కలూ గీతలూ ఉన్న పసుపు పలకలు మీరూ చూసే ఉంటారు. సూట్‌కేసు చక్రాలు వాటి మీద టకటకలాడితే పక్కకు జరిగే ఉంటారు. అక్కకు మాత్రం అదే దారి. ఇరవై రెండేళ్ల వయసులో రేచీకటిగా మొదలైన రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జబ్బు ఆమె చూపును అంచుల నుంచి లోపలికి కొరుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు వెలుతురుకీ చీకటికీ తేడా మాత్రం తెలుస్తుంది. మిగతాదంతా తెల్లకర్ర, చెవులు, అరికాళ్లు చూసుకోవాలి.

నా కోరిక కప్పు నూడుల్స్. హాస్టల్లో ఉన్నన్నాళ్లూ, ఆ తర్వాత నైట్ షిఫ్టుల్లోనూ అర్ధరాత్రి నా ఆకలి తీర్చింది అదే. దాని మ్యూజియం ఒసాకా పక్కనే ఉందని తెలిసి, "సరే, ముందు నీది, తర్వాత నాది" అని అక్క ఒప్పందం కుదిర్చింది.

ఒసాకాలోని ఉమెదా నుంచి రైల్లో ఇరవై నిమిషాలు వెళితే ఇకెదా వస్తుంది. స్టేషన్ నుంచి నడిచిపోయేంత దగ్గరలోనే మ్యూజియం. లోపల ఒక చెక్క షెడ్డు ఉంది. ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను కనిపెట్టిన మొమొఫుకు అందో పెరట్లో ఉన్న షెడ్డుకు నమూనా అది. 1957లో ఆయన ఆస్తి మొత్తం పోయింది, ఇల్లొక్కటే మిగిలింది. అప్పుడు ఆ షెడ్డులో కూర్చుని, వేడినీళ్లు పోస్తే చాలు తయారయ్యే నూడుల్స్ కోసం తంటాలు పడ్డాడు. ఎలా ఆరబెట్టాలో తెలియలేదు. ఒకరోజు భార్య తెంపురా, అంటే మన బజ్జీల్లా పిండిలో ముంచి నూనెలో వేయించే వంటకం, వేయిస్తుంటే చూశాడట. పిండి నూనెలో పడగానే అందులోని నీరు బుడగలై బయటికి పోతోంది. నీరు పోయిన చోట సన్నటి రంధ్రాలు మిగులుతాయి. తర్వాత వేడినీళ్లు పోస్తే అవే రంధ్రాల్లోంచి లోపలికి వెళ్తాయి. 1958 ఆగస్టు 25న ఆ నూడుల్స్ చికెన్ రామెన్ పేరుతో బజారులోకి వచ్చాయి.

ఇదంతా నేను చదివి వినిపిస్తుంటే అక్క విని ఊరుకుంది. ఆమెకు ఆసక్తి పుట్టింది కప్పు దగ్గర. అక్కడ మన కప్పును మనమే తయారుచేసుకోవచ్చు. నూడుల్స్ ముద్ద మీద ఖాళీ కప్పును బోర్లించి, ఒక పిడి తిప్పితే రెండూ కలిసి తలకిందులై సరైన దిశకు వస్తాయి. అక్క చేయి పట్టుకుని పిడి మీద పెట్టాను. తిప్పింది. తర్వాత కప్పులో వేలు పెట్టి తడిమి, "ఇది అడుక్కి దిగలేదేంటిరా? మధ్యలో ఇరుక్కుంది" అంది.

అసలు కీలకం అదేనట. కప్పు కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది, ముద్ద అడుగు కంటే వెడల్పు. కాబట్టి మధ్యలోనే పట్టుకుని నిలబడుతుంది. రవాణాలో కుదిపినా నూడుల్స్ విరగవు. కింద ఖాళీ ఉంటుంది కనుక వేడినీళ్లు అడుక్కి చేరి, కింది నుంచీ ఉడుకుతాయి. ముద్దను పైనుంచి కప్పులో వేస్తే వంకరగా పడిపోతోందని, కప్పునే ముద్ద మీద బోర్లించాలన్న ఉపాయం తట్టిందట అందోకు. పదిహేనేళ్లుగా నేను తింటున్న కప్పులో ఏముందో అక్క వేలు ఒక్క నిమిషంలో కనిపెట్టింది.

అయినా ఆ కప్పు ఒక్క జపాన్‌దేనా అంటే కాదు. నూడుల్స్ చైనా నుంచి వచ్చినవి. తెంపురా పద్ధతి 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు తెచ్చిందంటారు. కప్పు ఆలోచన అమెరికాలో పుట్టింది. 1966లో అందో అక్కడికి వెళ్లినప్పుడు, సూపర్ మార్కెట్ వాళ్లు నూడుల్స్‌ను విరిచి కాగితం కప్పులో వేసుకుని ఫోర్కుతో తినడం చూశాడు. ఆయన పుట్టింది కూడా తైవాన్‌లో. ఇంతమంది చేతులు పడ్డ వస్తువు అర్ధరాత్రి నా టేబుల్ మీదికి వచ్చిందన్నమాట. ఆ రాత్రి హోటల్లో దాన్ని తింటున్నప్పుడు నాకు నిజంగా గొంతులో ఏదో అడ్డుపడింది.

ఆ హోటల్లోనే ఇంకొకటి జరిగింది. స్నానానికి వెళ్లిన అక్క బాత్రూమ్ లోంచి గట్టిగా పిలిచింది. పడిపోయిందేమోనని పరుగెత్తాను. "షాంపూ ఏదో, కండిషనర్ ఏదో నాకే తెలిసిపోయిందిరా!" అంది తలుపు వెనక నుంచి. షాంపూ సీసా పక్కన నిలువునా చిన్న చిన్న గాట్లున్నాయి. కండిషనర్ సీసా నున్నగా ఉంది. 1991లో కావో కంపెనీ మొదలుపెట్టిన ఏర్పాటు అది. దాని మీద తమకున్న హక్కును కూడా ఆ కంపెనీ వదులుకుంది, మిగతా కంపెనీలన్నీ అవే గాట్లు పెట్టుకోవాలని. కంపెనీకొక రకం గాటు ఉంటే అక్కలాంటి వాళ్లకు ఏం ఉపయోగం? నాకు చాలా గొప్ప పని అనిపించింది. కళ్లున్న వాళ్లు కూడా తల రుద్దుకునేటప్పుడు కళ్లు మూసుకునే ఉంటారు కదా.

ఇక అక్కడి నుంచి అక్క చేతులు ఆగలేదు. 5 యెన్ల నాణేనికీ, 50 యెన్ల నాణేనికీ మధ్యలో రంధ్రం ఉంటుంది. 5 అంచు నున్నగా, 50 అంచు గాట్లతో ఉంటుంది. మూడో రోజుకల్లా కౌంటర్ దగ్గర నా సాయం లేకుండా చిల్లర లెక్కపెట్టి ఇచ్చేస్తోంది. కన్వీనియన్స్ స్టోర్‌లో చల్లటి డబ్బాల మీద వేలు పెట్టి, "ఇక్కడ బ్రెయిల్ ఉంది, కానీ నాకు అర్థం కావడం లేదు" అంది. బీరు డబ్బా అది. మూత మీద జపనీస్ బ్రెయిల్‌లో 'ఒసాకే', అంటే మద్యం అని ఉంటుంది, జ్యూస్ అనుకుని పొరపాటున తాగకుండా. ఫ్రాన్సులో లూయీ బ్రెయిల్ పదిహేనేళ్ల వయసులో, 1824లో, కుదిర్చిన ఆ ఆరు చుక్కలనే జపనీస్ అక్షరాలకు సరిపోయేలా ఇషికావా కురాజి మలిచాడు. 1890లో దాన్ని అక్కడ అధికారికంగా తీసుకున్నారు. అక్క చదువుకున్న చుక్కలూ అవే, భాషే వేరు.

షిన్ ఒసాకా స్టేషన్లో నేనొక తప్పు చేశాను, అది రాయకుండా ఉండలేను. ప్లాట్‌ఫామ్ నంబరు వెతుక్కుంటూ, సూట్‌కేసును తీసుకెళ్లి ఆ పసుపు గీతల మీదే నిలబెట్టాను. ఎదురుగా తెల్లకర్రతో ఒక పెద్దాయన వస్తున్నాడు. కర్ర నా పెట్టెకు ఠక్కున తగిలింది. ఆయన ఆగి, తనదే పొరపాటన్నట్టు "సుమిమాసెన్" అని తల వంచి, పక్కనుంచి తడుముకుంటూ వెళ్లిపోయాడు. ఇన్నేళ్లు అక్క పక్కన నడిచినవాణ్ని నేను. రైలెక్కాక చెప్తే అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు రోజూ తగుల్తాయిరా అలాంటి పెట్టెలు" అంది మెల్లగా.

షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో ఒకయామా ముప్పావు గంట. స్టేషన్ బయట ట్యాక్సీ ఎక్కి, ఫోన్‌లో రాసిపెట్టుకున్న పేరు డ్రైవర్‌కు చూపించాను. హరావోజిమా కూడలి. పక్కనే అంధుల పాఠశాల.

ఈ ఊళ్లో సెయిచి మియాకే అనే ఆయన సత్రం నడిపేవాడు. తెల్లకర్రతో రోడ్డు దాటుతున్న ఒక మనిషిని వాహనం రాసుకుంటూ వెళ్లడం చూశాడు. చూపు కోల్పోతున్న స్నేహితుడు ఒకాయన ఆయనకు ఉండేవాడు. నాచు ఎక్కడ అయిపోయి మట్టి ఎక్కడ మొదలవుతుందో చెప్పులున్నా కాలికి తెలుస్తుందని ఆ స్నేహితుడు అన్న మాట మియాకే మనసులో నాటుకుపోయిందంటారు. అలాంటి తేడాను రోడ్డు మీదే సృష్టిస్తే? తమ్ముడు సబురో కూడా పలక ఆకారం మీద పనిచేశాడు. సొంత డబ్బు ఖర్చుపెట్టారు. 1967 మార్చి 18న ఈ కూడలిలో 230 పలకలు పరిచారు. 1970లో ఒసాకాలోని అబికోచో రైల్వే స్టేషన్‌కు చేరాయి. ఆ తర్వాత ప్రపంచమంతా. జపాన్‌లో వీటిని 'తెంజి బ్లాక్' అంటారు. తెంజి అంటే చుక్కల అక్షరం, బ్రెయిల్. మియాకే 1982లో పోయాడు.

కూడలి చాలా మామూలుగా ఉంది. లారీలు, సైకిళ్లు, సిగ్నల్. ఇదే పలకలు పుట్టిన చోటని చెప్పే స్మారకం ఒకటి పెట్టారు. అక్క దాన్ని ఒకసారి తడిమి వదిలేసింది. ఫుట్‌పాత్ అంచున వంగి, బూట్లు విప్పింది.

"ఏం చేస్తున్నావక్కా? మట్టి."

"ఉండరా."

మేజోళ్లతో పలక మీద నిలబడింది. నేనూ కూర్చుని చేత్తో తాకి చూశాను. ఒక్కో చుక్క ఎత్తు 5 మిల్లీమీటర్లు. ఎండకు వెచ్చగా ఉంది. నడకకు కొన్ని చుక్కల తలలు అరిగి నున్నబడ్డాయి. కొంచెం వెనక్కి వెళితే గీతల పలకలు. గీతలుంటే అటువైపు నడువు, చుక్కలుంటే ఆగు, ముందు ఏదో ఉంది. అక్క బొటనవేలితో ఒక్కో చుక్కనూ నొక్కుతూ వరుస లెక్కపెట్టింది. పెదాలు కదులుతున్నాయి గానీ, లెక్కపెడుతోందో ఇంకేమైనా అంటోందో నేను అడగలేదు.

అంతలో వెనక నుంచి టక్ టక్ మని చప్పుడు. స్కూల్ యూనిఫామ్‌లో ఒక అమ్మాయి తెల్లకర్రతో వస్తోంది. గబుక్కున అక్కను పక్కకు లాగి, బూట్లు తీశాను. ఆ అమ్మాయి గీతల మీద కర్ర ఆడిస్తూ, చుక్కల దగ్గర ఠక్కున ఆగింది. ఇక దాటొచ్చని చెప్పే సిగ్నల్ పిట్టకూత వినిపించగానే రోడ్డు దాటి అవతలి ఫుట్‌పాత్ మీద మాయమైంది. మేమున్నామని కూడా ఆమెకు తెలియదు.

అక్క అటువైపే చెవిపెట్టి నిలబడింది. "ఎంత స్పీడుగా వెళ్తోందో విన్నావా?" అంది. "ఏదో ఆలోచించుకుంటూ వెళ్తోంది. దారి గురించి కాదు."

బూట్లు వేసుకుంది. అలవాటుగా నా మోచెయ్యి అందించాను. పట్టుకోలేదు. కర్ర తెరిచి, గీతలు వెతుక్కుని, నడిచింది. చుక్కల మీద రెండు పాదాలూ పెట్టి ఆగింది. పిట్ట కూసింది. నేను ఇవతలే ఉండిపోయాను. నాలుగు లేన్ల రోడ్డు అది. మధ్యలో ఒక్కసారి కర్ర కుడివైపు జరిగింది, నా గుండె ఆగినంత పనైంది. సర్దుకుని అవతలి అంచు చేరింది. అక్కడ చుక్కలు తగిలాయి కాబోలు, ఆగి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

"నువ్వు ఇప్పుడే రాకురా," అని గట్టిగా అరిచింది. "నేనే వస్తాను, మళ్లీ ఒకసారి."