మెరక కింద తీపి నీరు

కోనసీమలో నీళ్ళు పడతాయా అని ఎవరూ అడగరు. కాస్త తవ్వితే చాలు, నీళ్ళు ఊరుతాయి. అడిగేది ఒక్కటే: తీపా, ఉప్పా? అంతర్వేది వైపు మా ఊళ్ళో ఒక దొడ్లో బోరు మంచినీళ్ళు ఇస్తుంటే, పక్క దొడ్లో బోరు నీళ్ళు నోట పెట్టుకోలేం. చిన్నప్పటి నుంచి చూస్తున్న ఈ తేడాకు కారణం నాకు నెదర్లాండ్స్‌లోని జీలాండ్‌లో, బంగాళాదుంప పొలాల్లో తీగలు పరిచే ఉద్యోగంలో అర్థమైంది.

నేల కింది నీరు తీపో ఉప్పో తెలుసుకోవడానికి ఉక్కు మేకులు వరుసగా నేలలో దిగగొట్టి, తీగతో కలుపుతాం. రెండు మేకుల గుండా కరెంటు పంపి, మరో రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తాం. భూభౌతిక శాస్త్రవేత్త కాన్రాడ్ ష్లంబర్జర్ 1912లో ఫ్రాన్స్‌లో మొదలుపెట్టిన పద్ధతికి మూలం ఇదే. ఇప్పుడు పదుల కొద్దీ మేకులను పరికరమే ఒకదాని తరువాత ఒకటి వాడుకుంటుంది. నేలను నిలువునా కోసినట్టు కంప్యూటర్ బొమ్మ గీస్తుంది. ఉప్పునీటిలో కరెంటు సులువుగా పారుతుంది కనుక అక్కడ నిరోధకత బాగా తక్కువ. సముద్రపు నీటికి అది సుమారు 0.2 ఓమ్ మీటర్లు, మంచినీరు నిండిన ఇసుకకు పదుల్లో ఉంటుంది. పరిచిన తీగ పొడవులో ఐదో వంతో, ఆరో వంతో లోతు వరకే ఈ చూపు ఆనుతుంది.

జీలాండ్‌లో ఒకప్పుడు సముద్రపు పాయలు పారిన దారులు ఇసుకతో పూడిపోయాయి. చుట్టూ ఉన్న మెత్తటి నేల కాలక్రమంలో కుంగింది, ఇసుక దారులు మెరకలుగా మిగిలాయి. వాన నీరు ఆ మెరకల్లోకి ఇంకి, కింది ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. మొదటిసారి ఆ బొమ్మ తెర మీద కనిపించినప్పుడు నాకు మా ఊరే కనిపించింది. మన కోనసీమవి సముద్రం వెనక్కి తగ్గుతూ వదిలిపెట్టిన ఇసుక దిబ్బలు, తీరానికి సమాంతరంగా ఒకదాని వెనుక ఒకటి. ఊళ్ళూ కొబ్బరి తోటలూ ఆ మెరకల మీద, వరి చేలు వాటి మధ్య పల్లాల్లో. తాతలు ఇళ్ళు కట్టుకున్నది వరద భయంతోనే కాదు, కింద తీపి నీరు ఉందనీ అనుకుంటాను.

జీలాండ్ రైతు తన పొలం కింద ఉప్పునీరు ఎంత లోతున మొదలవుతుందో పటంలో చూసుకోగలడు. 2014 నుంచి 2017 వరకు సాగిన ఒక ప్రాజెక్టులో హెలికాప్టర్‌కు పరికరం వేలాడదీసి, విద్యుదయస్కాంత పద్ధతిలో ఆ ప్రాంతమంతా కొలిచారు. చలికాలంలో మిగిలిన మంచినీటిని పాత పాయల మెరకల్లోకి ఇంకించి, వేసవికి దాచుకునే ప్రయత్నాలూ అక్కడ జరిగాయి. మేం మేకులు దిగగొడుతుంటే రైతులు వచ్చి నిలబడి, పోయినసారి కొలతకూ దీనికీ తేడా ఏమిటని అడిగేవారు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు అసూయ కలిగేది. మా ఊళ్ళో కాలువ నీటి వంతుల గురించి గంటల తరబడి మాట్లాడుకుంటారు, కాళ్ళ కింది నీటి ఊసు అరుదు.

పోయిన సెలవుల్లో ఒక మిత్రుడి దగ్గర పరికరం తీసుకుని ఊరికి వెళ్ళాను. బాబాయి కొత్త బోరు వేయించబోతున్నారు.

“ఎంత లోతు వెయ్యమంటావమ్మా? లోతుకు వెళ్తే నీళ్ళు బాగా వస్తాయంటున్నారు.”

“నీళ్ళు వస్తాయి బాబాయ్, తీపివి రావు. ముందు కొలుద్దాం.”

కొబ్బరి తోటలో మెరకకు అడ్డంగా తీగ పరిచాం. పై ఇసుక ఎండిపోయి ఉంటే మేకుల నుంచి కరెంటు నేలలోకి సరిగా దిగదు, అందుకే మొదట్లో నీళ్ళు పోశాం. మెరక నడుమ తీపి నీటి పొర మందంగా, అంచులకు పోయేకొద్దీ పలచగా కనిపించింది. రొయ్యల చెరువు వైపు నిరోధకత ఒక్కసారిగా పడిపోయింది. అయితే బంకమట్టి కూడా కరెంటును అలాగే పోనిస్తుంది. అది ఉప్పా, బంకమట్టా అన్నది బొమ్మ ఒక్కటే చెప్పదు. అందుకే ఆ పక్కనున్న చేతిపంపు నీటినీ కొలిచాను. ఉప్పే.

బాబాయికి ఒక లెక్క చెప్పాను. ఇలాంటి చోట మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున ఉంటే, సముద్రమట్టం కింద సుమారు 40 మీటర్ల వరకు మంచినీరు నిలబడగలదు. మంచినీటికీ ఉప్పునీటికీ బరువులో ఉన్న కొద్దిపాటి తేడా వల్ల వచ్చే లెక్క ఇది. తోడి తోడి పైన ఒక అడుగు తగ్గిస్తే, కాలం గడిచేకొద్దీ కింది నుంచి ఉప్పు 40 అడుగులు ఎగదన్నుకొస్తుంది. బోరు లోతుకు వేసి బలంగా తోడితే సరిగ్గా దాని అడుగునే ఉప్పు పైకి లేస్తుంది.

బాబాయి చాలాసేపు బొమ్మ వంకే చూశారు. చివరకు ఒక లోతు బోరుకు బదులు, మెరక నడుమ దూరదూరంగా రెండు తక్కువ లోతు బోర్లు వేసి, చిన్న మోటార్లతో నెమ్మదిగా తోడుకోవడానికి ఒప్పుకున్నారు. చెరువు వైపు మాత్రం వద్దన్నాను.

ఒక్క కొలతతో నాకు తృప్తి లేదు. వేసవిలో కాలువలు కట్టేశాక, డ్రెయిన్లలోకి పోటు నీరు ఎగదన్నే రోజుల్లో ఆ పొర ఎంత పలచబడుతుందో, వానలయ్యాక ఎంత కోలుకుంటుందో తెలియాలి. మేకులు దిగిన చోట్లన్నీ కొబ్బరి చెట్ల వరుసలతో గుర్తుపెట్టి పటం గీశాను. డిగ్రీ చదువుతున్న బాబాయి కొడుకు పరికరం వాడటం నేర్చుకున్నాడు. మే నెలలో అదే వరుసలో అతడే కొలిచి పంపుతానన్నాడు.