నెల్లూరులో రొట్టె వదలడానికి వెళ్లొచ్చాం

మా మరిదికి ఉద్యోగం వచ్చింది కాబట్టి నెల్లూరు పోవాల్సిందేనని మా అత్తమ్మ ఎండాకాలం నుంచే మొదలుపెట్టింది. అంతకుముందు ఏడాది ఆమె బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, ఎవరో ముక్కూమొహం తెలీని అమ్మాయి చేతిలోంచి ఉద్యోగం రొట్టె పట్టుకుంది. కోరిక తీరితే మళ్లీ అక్కడికే వచ్చి, అదే కోరికతో వచ్చిన ఇంకొకరికి రొట్టె వదలాలి, అదీ అక్కడి లెక్క. కొండకు తలనీలాల మొక్కయితే పిల్లల పరీక్షలనో, సెలవు దొరకలేదనో నాలుగు నెలలు వెనక్కి జరపొచ్చు. ఇది అట్టా కుదరదు, మొహర్రం నెలలో ఐదు రోజులే ఈ రొట్టెల పండగ, తప్పితే మళ్లీ ఏడాదికే. 2025లో జూలై 6న మొదలైంది. చాంద్రమాసం కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ వస్తుంది. 2012లో ఇదే పండగ నవంబర్లో పడింది, అప్పుడు చన్నీళ్లలో వణుకుతూ నిలబడ్డ వాళ్లు ఇప్పుడు జూలై ఉక్కలో చెమటలు కక్కుతూ నిలబడుతున్నారు.

బయల్దేరే ముందు రోజు రాత్రి అత్తమ్మ గోధుమపిండిలో బెల్లం నీళ్లు పోసి కలిపి రొట్టెలు కాల్చింది. దర్గా దగ్గర రెడీమేడ్‌గా అమ్ముతారు కదా అంటే వినలేదు, "కొన్న రొట్టె ఇస్తే ఏం బాగుంటుంది, ఉద్యోగమేమన్నా కొనుక్కున్నామా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పెనం మీద ఒక్కోటి రెండువైపులా మాడకుండా కాల్చి, ఆరబెట్టి, తెల్ల గుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టింది, ఆ డబ్బా ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఆమె ఒళ్లోంచి దిగలేదు.

పొద్దున్నే పినాకినీ ఎక్కాం. సింగరాయకొండ, ఉలవపాడు, కావలి, బిట్రగుంట... ఉలవపాడులో మామిడికాయల కాలం అయిపోవచ్చింది, లేకపోతే అక్కడ దిగిపోయేదాన్నే. పడుగుపాడు దాటుతుంటే పక్క సీటాయన 2021 నవంబర్ వరదలో ఇక్కడే రైలుపట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయని చూపించాడు. ఆ వెంటనే పెన్న వంతెన. అంత నీళ్లు వచ్చిన ఏరేనా ఇది అనిపించింది, ఇసక మేటలు, అక్కడక్కడా పాయలు, దూరంగా రంగనాయకులస్వామి గాలిగోపురం. అత్తమ్మ రైల్లోంచే దణ్ణం పెట్టుకుంది.

గది సంగతి ఎక్కువ చెప్పను. పండగ రోజుల్లో లాడ్జీ వాళ్లు చెప్పిందే రేటు, ఫ్యాను తిరిగితే అదృష్టం. వచ్చే వాళ్లలో కర్ణాటక, తమిళనాడు, తెలంగాణ బండ్లు ఎన్నో లెక్కలేదు, కాబట్టి గది దొరకడమే గొప్ప.

సాయంత్రం ఎండ తగ్గాక రంగనాయకులపేట వెళ్లాం. తల్పగిరి రంగనాథుడు, ఆదిశేషుడి మీద పడుకుని ఉంటాడు. పెన్న ఒడ్డునే గుడి. లోపల అద్దాల మండపం దగ్గర పిల్లలు ఎటు చూసినా తమ మొహాలే కనబడుతుంటే అల్లరి చేస్తున్నారు, పూజారిగారు కసురుకోవడం కూడా మానేసినట్టున్నారు. నాకు ఈ గుడికి వచ్చినప్పుడల్లా స్వామికంటే ముందు తిక్కన గుర్తొస్తాడు, చిన్నప్పుడు తెలుగు మాస్టారు అట్టా ఎక్కించారు మరి. మనుమసిద్ధి కొలువులో మంత్రి, విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెలుగు చేసిన మనిషి, ఇక్కడే ఈ పెన్న ఒడ్డునే కూర్చుని రాశాడని ఊరంతా చెప్పుకుంటారు. అంత పెద్ద గ్రంథాన్ని ఏ రాజుకూ ఇవ్వకుండా హరిహరనాథుడికి ఇచ్చాడు, శివుడని విష్ణువని కొట్టుకుంటున్న 13వ శతాబ్దంలో. ఆ ఊళ్లోనే ఇప్పుడు బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు కొంగు తలమీద కప్పుకుని దర్గాకి పోతున్నారు. ఇదంతా అత్తమ్మకి చెప్పబోతే "ముందు కాళ్లు నెప్పి పుట్టకముందే గదికి పదమ్మాయ్, రాత్రికి గంధం చూడాలి" అంది.

గంధమహోత్సవం పండగ రెండో రోజు రాత్రి. కోటమిట్ట నుంచి గంధం ఊరేగింపుగా బయల్దేరి దర్గాకి చేరేసరికి తెల్లవారుజామవుతుంది. నిద్ర ఆపుకుని నిలబడటం ఒక ఎత్తు, గంధం వచ్చాక తోపులాటలో నిలబడటం ఇంకో ఎత్తు. పోలీసులు తాళ్లు పట్టుకుని నిలబడ్డారు పాపం, జనం ఆ తాళ్లతో సహా వాళ్లని లాక్కుపోతున్నారు. మేం వెనకే ఉండిపోయాం, ఇక మనదాకా ఏం వస్తుందిలే అనుకున్నాం. తిరిగి వస్తున్న ఒక ముసలాయన అత్తమ్మని చూసి, తన వేలికి అంటిన గంధాన్ని ఆమె మణికట్టు మీద రాసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా పోయాడు. తర్వాత రోజు స్నానం చేసేటప్పుడు ఆ చేతిని తడవకుండా పైకెత్తి పట్టుకుంది ఆమె.

ఇక దర్గా కథ. బారా అంటే పన్నెండు, లోపల వరసగా పన్నెండు సమాధులు. నెల్లూరోళ్లు చెప్పేదేంటంటే, కొడవలూరు దగ్గర గండవరంలో యుద్ధం జరిగి పన్నెండు మంది వీరుల తలలు అక్కడ తెగిపడ్డాయట, మొండేలను గుర్రాలు ఈ చెరువు గట్టు దాకా మోసుకొచ్చాయట. తర్వాత ఎప్పుడో చెరువులో బట్టలు ఉతుక్కునే రజక దంపతులు చీకటి పడి ఈ సమాధుల దగ్గరే నిద్రపోయారట. భార్యకి కలలో ఆ వీరులు కనబడి, ఆర్కాటు నవాబు భార్యకి జబ్బుగా ఉంది, మా సమాధుల మట్టి తీసుకెళ్లి ఆమె నుదుట రాస్తే తగ్గుతుంది అని చెప్పారట. తగ్గింది. నవాబు దంపతులు కృతజ్ఞతగా ఇక్కడికి వచ్చి, తెచ్చుకున్న రొట్టెలు పంచారట, అదే ఈ ఆచారం అయింది. 18వ శతాబ్దంలో నెల్లూరు ఆర్కాటు నవాబుల ఏలుబడిలోనే ఉండేది కాబట్టి నవాబు కథలోకి రావడం వింతేమీ కాదు. నాకు నచ్చింది మాత్రం ఆ చాకలామె. కల రాణిగారికి రాలేదు, మౌల్వీకి రాలేదు, రేవులో బట్టలు ఉతికి అలిసిపోయి పడుకున్న మనిషికి వచ్చింది.

రొట్టెల రోజు పొద్దున్నే దర్గామిట్ట వైపు ఆటోలు వెళ్లనివ్వరు, చాలా దూరం నడవాలి. దారి పొడుగునా రొట్టెల అంగళ్లు, గాజులు, తలకి కట్టుకునే గుడ్డలు, మలైకాజా పొట్లాలు. చెరువు ఘాట్ దగ్గర బోర్డులు పెట్టి ఉంటాయి: విద్య రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె, చివరికి విదేశీ రొట్టె కూడా. వీసా కోసం అన్నమాట. ఆడవాళ్లు కొంగు కప్పుకుని, మగవాళ్లు కర్చీఫో తువ్వాలో తలకి కట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగుతారు. దిగాక ఎవరికి కావలసింది వాళ్లు అరవడమే. "ఆరోగ్యం ఎవరి దగ్గరుంది?", "సంతానం రొట్టె కావాలమ్మా, సంతానం!", "పెళ్లి... పెళ్లి..." అచ్చం కూరగాయల మార్కెట్టే.

నేను చాలాసేపు రొట్టెల సంగతి మర్చిపోయి ఆ అరుపులే వింటూ నిలబడ్డాను. ఊళ్లో అయితే ఇవన్నీ గుట్టుగా దాచుకునే సంగతులు. కూతురికి సంబంధం కుదరడం లేదని పక్కింట్లో తెలియకుండా ఎన్ని అబద్ధాలు చెబుతామో, కోడలికి పిల్లలు పుట్టలేదనే మాట పేరంటంలో ఎవరైనా ఎత్తితే ఎంత ముడుచుకుపోతామో. ఇక్కడ ఆ తల్లే నడి చెరువులో నిలబడి మా అమ్మాయికి పెళ్లి రొట్టె కావాలని గొంతు చించుకుని అడుగుతోంది, ఇచ్చే మనిషి "పోయినేడు మాదీ ఇదే బాధ వదినా, మార్గశిరంలో అయిపోయింది" అని కళ్లు తుడుచుకుంటూ ఇస్తోంది. ఇక్కడ కోరికని దేవుడితోనో పీరుతోనో చెప్పుకుంటే సరిపోదు, ఆ కష్టం దాటొచ్చిన ఒక మనిషిని వెతికి పట్టుకుని ఆమె చేతిలోంచి అందుకోవాలి. అదీ దీన్లోని మెలిక. మహిమల సంగతి నన్ను అడగొద్దు, నాకు మాత్రం ఈ ఏర్పాటు చాలా తెలివైందనిపిస్తుంది.

అత్తమ్మ డబ్బా మూత తీసి "ఉద్యోగం" అని ఒక్కసారి అందో లేదో నలుగురు చుట్టుముట్టారు. తెచ్చిన నాలుగు రొట్టెల్లో మూడు వెంటనే ఇచ్చేసింది. చివరి రొట్టె కోసం తువ్వాలు చాపిన కుర్రాడికి మాత్రం ఇంటర్వ్యూ పెట్టింది.

"ఏ ఉద్యోగం నాయనా?"

"డీఎస్సీ రాశా పెద్దమ్మా, ఎస్జీటీ టీచరు పోస్టుకి."

"బాగా రాశావా?"

"రాశాను. మొత్తం పదహారు వేల పైచిలుకు పోస్టులంటన్నారు గానీ మన జిల్లాలో ఎన్నొస్తాయి పెద్దమ్మా."

"యావూరు?"

"ఆత్మకూరు పక్కన."

"మీ ఇంట్లో ఎవరన్నా ఉద్యోగం చేస్తన్నారా?"

"ఇంకా లేదు పెద్దమ్మా."

ఆ 'ఇంకా' అన్న మాట దగ్గర అత్తమ్మ రొట్టె తీసింది. రెండు చేతుల్తో అతని తువ్వాల్లో పెట్టి, "వచ్చే ఏడు రావాల, మర్చిపోబాక" అని గట్టిగా చెప్పింది. మెగా డీఎస్సీ పరీక్షలు జూలై 2న అయిపోయాయి, వారం కూడా తిరగలేదు, కాబట్టి ఆ రోజు చెరువులో డీఎస్సీ అభ్యర్థులే సగం మంది ఉన్నట్టున్నారు. ఆ కుర్రాడు ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని మిగతాది కవర్లో చుట్టుకుని గట్టెక్కాడు.

నేనూ ఊరుకోలేదు. ఇల్లు రొట్టె కోసం కాసేపు అరిచి, కడప నుంచి వచ్చిన ఒకావిడ దగ్గర పట్టుకున్నాను. "ఇల్లు వచ్చిందక్కా, దాంతోపాటు ఈఎంఐ కూడా వచ్చింది, దానికి మాత్రం ఇక్కడ రొట్టె లేదు" అని నవ్వింది. పక్కన ఆమె భర్త నవ్వలేదు.

కష్టం ఏమైనా కలిగిందంటే ఘాట్ మెట్ల దగ్గర కలిగింది. తినకుండా నీళ్లలో పడేసిన రొట్టెలు నాని మెత్తగా పేరుకుపోయి కాళ్ల కింద జారుతున్నాయి. స్నానాలకి షవర్లు పెట్టారు, పారిశుద్ధ్యం వాళ్లు ఎత్తుతూనే ఉన్నారు, కానీ వాళ్లు ఎత్తే వేగం కంటే మనం పారేసే వేగం ఎక్కువ. అరడజను రొట్టెలు పట్టుకుని, బరువు మోయలేక అయిదు పారేయడం ఎందుకో అర్థం కాదు. ఒకటి తీసుకోండి, తినండి.

మర్నాడు జొన్నవాడ వెళ్లాం, నెల్లూరు నుంచి ఎంతోసేపు పట్టదు. పెన్న ఒడ్డున మల్లికార్జునస్వామి, కామాక్షితాయి. కశ్యపుడు యజ్ఞం చేసిన చోటని, శంకరాచార్యులు శ్రీచక్రం ప్రతిష్ఠించారని స్థలపురాణం. ఇక్కడి పద్ధతి 'నిద్ర చేయడం'. ఏట్లో మునిగి తడిబట్టల్తో వచ్చి గుడి ఆవరణలో పడుకుంటారు, సంతానం కోసమో, మనసు బాగా లేని వాళ్లకి నయం కావాలనో. వైశాఖమాసం బ్రహ్మోత్సవాల్లో ధ్వజారోహణం నాడు పిల్లల్లేని ఆడవాళ్లకి కొడిముద్దలనే ప్రసాదం పెడతారు, ఆ రోజు వచ్చే జనం గురించి అక్కడి పూలమ్మే ఆమె చెబుతుంటే విన్నాం. మేం వెళ్లినప్పుడు పెద్దగా రద్దీ లేదు. మండపంలో ఒకమ్మాయి గోడవైపు తిరిగి పడుకుని ఉంది, పక్కన తల్లి విసనకర్రతో విసురుతోంది. వాళ్లు ఎందుకొచ్చారో ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. చెరువులో అరిచినా ఇక్కడ నోరు మెదపకుండా పడుకున్నా అడిగేది అదే, కాకపోతే నాకు చెరువు పద్ధతే బాగుంది, ఆ పిల్లకి ఒక్కరైనా "మాదీ ఇదే బాధమ్మా" అని చెప్పే వాళ్లుంటే బాగుండనిపించింది. అత్తమ్మకి జొన్నవాడే ఎక్కువ నచ్చింది, గొడవ లేకుండా ప్రశాంతంగా ఉందంట.

సెప్టెంబర్లో డీఎస్సీ నియామక పత్రాలు ఇచ్చినప్పుడు ఆమె రెండు రోజులు పేపరు వదల్లేదు. ఆత్మకూరు పక్కన ఊరు అని తెలుసు, పేరు అడగలేదు. "అంత ఇంటర్వ్యూ చేశావు కదత్తమ్మా, పేరు అడగాల్సింది" అంటే, "వస్తే చెరువు కాడికి వస్తాడుగా" అంది. నా ఇల్లు సంగతి ఇంకా స్థలం రేటు దగ్గరే ఆగింది, అయినా ఈసారీ వెళ్లాల్సిందేనంట.

2026లో పండగ జూన్ చివరి వారంలో పడుతుంది, ఎండ గట్టిగానే ఉంటుంది. గంధం చూడాలనుకునే వాళ్లు గది ముందే మాట్లాడుకోండి, రేటు రాయించుకోండి. చెప్పులు గది దగ్గరే వదిలేసి వెళ్లండి, ఘాట్ దగ్గర విడిస్తే మళ్లీ కనబడవు. రొట్టెలు ఇంట్లో చేసుకునేట్టయితే బెల్లం తక్కువ వేయండి, మా డబ్బాకి రైల్లోనే చీమలు పట్టాయి.